మూడో కేసు

మా మేడమ్‌కి ముక్కు మీద కోపం. నాకూ తక్కువేం కాదు. అందుకే ఎమ్మే ఆఖరి ఏడాది పరిశోధన మొదలుపెట్టిన రోజునే మా ఇద్దరికీ చెడింది.

నేను తీసుకెళ్లిన అంశం నా దృష్టిలో చాలా గొప్పది. ఎక్కడో సముద్రం అవతల, మంచు కురిసే ఒక దీవిలో జాలర్లు తమ పిల్లలకి వల అల్లడం ఎలా నేర్పుతారన్న దాని మీద దొరికిన పుస్తకాలన్నీ చదివి, అలాంటిదే ఇంకోటి నేనూ రాద్దామనుకున్నాను. మేడమ్ రెండు పేజీలు తిప్పి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆవిడ కళ్లజోడు తీశారంటే ఎదుటివాళ్లకి మూడిందని మా డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు.

“ఈ దీవికి వెళ్లావా?”

“లేదు మేడమ్.”

“వెళ్తావా?”

“ఎలా వెళ్తాను మేడమ్?”

“అక్కడివాళ్లలో ఒక్కరైనా నీ రాతలు చదివి, ‘ఇది తప్పమ్మా, మేం ఇలా చెయ్యం’ అని నీకు చెప్పే వీలుందా?”

తల అడ్డంగా ఊపాను.

“మరి నువ్వు తప్పు రాస్తే దిద్దేదెవరు? నేనా? నాకు వలకీ దోమతెరకీ తేడా తెలిస్తే గొప్ప.” కాగితాలు నా వైపు తోసేశారు. “చెప్పులేసుకుని నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న మనుషుల గురించి రాయి. రాసింది వాళ్లకే చదివి వినిపించు. వాళ్లు ఒప్పుకున్నాక నా దగ్గరికి తీసుకురా.”

ఒళ్లు మండిపోయింది. ఆఫీసులో టైపు కొట్టే ఉద్యోగం మానేసి, ముప్పై దాటాక మళ్లీ పుస్తకాల సంచీ భుజానికి తగిలించుకున్నది మా వీధి గురించి రాయడానికా అనుకుంటూ ఇంటికి నడిచాను. నడుస్తూ ఉండగానే కోపం కాస్త చల్లారింది. ఎందుకంటే మా వీధి మామూలు వీధి కాదు. పాతవాటిని బాగుచేసేవాళ్లంతా ఆ ఒక్కచోటే చేరారు. విరిగిన కుర్చీలకి కాళ్లు పెట్టే వడ్రంగి, కాలిపోయిన ఫ్యాన్లకి తీగ చుట్టే మెకానిక్, చెప్పులు కుట్టే అక్కాచెల్లెళ్లు, వెలిసిపోయిన బోర్డులకి మళ్లీ రంగులేసే పెయింటర్, గడియారాలు బాగుచేసే దొరబాబు. దొరబాబు అన్నది ఆయన పేరు కాదు. ఎంత ఉక్కపోసినా కోటు విప్పడు కాబట్టి వీధి పెట్టిన పేరు. వీళ్లెవరూ ఈ పనులు బడికెళ్లి నేర్చుకోలేదు. మరెలా వచ్చాయి? ఆ ప్రశ్న బాగానే ఉందనిపించింది. మేడమ్‌కీ బాగానే ఉందనిపించింది, కానీ పైకి “చూద్దాం” అని మాత్రమే అన్నారు.

ఆరు కేసులు ఎంచుకున్నాను. మూడో కేసుగా రాసుకున్న పరుపులు కుట్టే ఆయన, తీరా నేను వెళ్లేసరికి కాలు విరిగి కూతురింటికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర తల పట్టుకుని కూర్చున్నాను. మా ఆయన సిటీ బస్సు నడుపుతాడు. రోజంతా హారన్ల మధ్య ఉంటాడు కాబట్టి ఇంట్లో నోరు విప్పడం తక్కువ.

“అమ్మ ఉందిగా,” అన్నాడు ముద్ద మింగి.

నిజమే. ఉంది. మా ముందుగదిలో, కిటికీ పక్కన, నా పెళ్లి కాకముందు నుంచీ ఉంది. చిరిగిన బట్టలకి అతుకు కనపడకుండా రఫ్ చేస్తుంది మా అత్తయ్య. వీధంతా సూదమ్మ అంటారు. ఆవిడ పనితనం గురించి రాయాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు. రోజూ ఆ గదిలోంచే కదా చెప్పులేసుకుని ‘పరిశోధన’కి బయల్దేరేదాన్ని.

అడిగితే ఆవిడ ముందు నవ్వింది. తర్వాత, “నా దగ్గరేముందమ్మాయ్ రాయడానికి?” అంది. ఆ తర్వాత, “ఎప్పుడు?” అంది.

అనుకున్న వేళకి నేను రికార్డర్ పట్టుకుని ముందుగదిలోకి వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయాను. అత్తయ్య ఎక్కడికో బయల్దేరినట్టు మంచి బట్టలు కట్టుకుంది. తల నున్నగా దువ్వుకుంది. నాకోసం ఎదురుగా కుర్చీ వేసి, దాని మీద దులిపిన దిండు పెట్టింది.

“కూర్చోండి,” అంది.

నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా వచ్చారేమోనని.

“మిమ్మల్నేనండీ. కూర్చోండి.”

నవ్వాపుకోవడం నా తరం కాలేదు. ఆవిడ మాత్రం నవ్వలేదు. వంటింట్లో నేను కోడలిని. ఈ గదిలో, ఆ రికార్డర్‌తో, యూనివర్సిటీ నుంచి వచ్చిన మనిషిని. పద్ధతంటే పద్ధతే. నేనూ సర్దుకుని కూర్చున్నాను.

“ఈ పని మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారండీ?” అన్నాను.

“మా అత్తగారి దగ్గరండీ. నేర్పలేదు ఆవిడ. పక్కన కూర్చోనిచ్చింది. చేతులు చూసి నేర్చుకున్నాను.”

ఆ తర్వాత నేను పెద్దగా అడగాల్సిన పని లేకపోయింది. అదే బట్టలోంచి, లోపలి మడతలో ఎవరికీ కనపడని చోటు నుంచి పోగు లాగడం ఎలాగో చూపించింది. నిలువు పోగు పడుగు ఎటు, అడ్డపోగు పేక ఎటు అన్నది వేలితో తడిమి తెలుసుకోవడం చూపించింది. సన్నసూదితో ఒక పోగు మీంచి, ఒక పోగు కిందనుంచి నేతని మళ్లీ నేస్తూ పోతే చిరుగున్న చోటు మళ్లీ బట్ట అవుతుంది. నేను ఆ గదిలోంచి ఎన్నిసార్లు నడిచి వెళ్లానో, ఒక్కసారీ ఆగి చూడలేదు.

“బట్ట ఇచ్చినవాళ్లు వెలుతురుకి పట్టి చూస్తారండీ. ఎక్కడ చిరిగిందో నాకే తెలియట్లేదు అంటారు. అంటే పని కుదిరినట్టు. డబ్బులిచ్చి వెళ్లిపోతారు.” చేతిలోని సూదిని సూదుల దిండుకి గుచ్చింది. “మళ్లీ ఇంకెవరితోనూ చెప్పరు. చెబితే చిరుగుల బట్ట వేసుకున్నారని తెలిసిపోదూ? వడ్రంగి చేసిన కుర్చీని చుట్టాలకి చూపిస్తారు. నేను చేసింది ఎవరికి చూపిస్తారు? బాగా చేసిన కొద్దీ నేను చేసినట్టే ఉండదు.”

“మీ దగ్గరికి ఎవరెవరు వస్తారండీ?”

“అది అడక్కండి,” అంది టక్కున.

రికార్డర్ ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. అత్తయ్య కిటికీ వైపు చూసింది.

“ఒక్కటే ఉందండీ నా మనసులో. ఎప్పుడైనా ఒక్కరు, నలుగురిలో, ఇది సూదమ్మ చేసింది అని పైకి అంటే వినాలని ఉంది. ఒక్కసారి చాలు. మా అత్తగారు వినకుండానే పోయింది.” నా వైపు తిరిగింది. “ఇది కూడా రాసుకుంటారా?”

“రాస్తానండీ,” అన్నాను.

ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర ఇన్నేళ్లు గడిపి, ఈ కోరిక నాకు తెలియడానికి ఒక రికార్డరూ, రెండు ‘అండీ’లూ కావాల్సి వచ్చాయి. ఆ రోజంతా నాకు చాలా సంతోషంగా ఉంది. ఆవిడకీ అనుకుంటాను, కూనిరాగం తీస్తూ గిన్నెలు సర్దింది.

మేడమ్‌కి చెబితే, “ఇంటి మనిషిని కేసుగా తీసుకోవచ్చు. కానీ అది మీ ఇల్లని చదివేవాళ్లు పోల్చుకోకూడదు. ఆనవాళ్లు మార్చు,” అన్నారు.

ఇక చూసుకోండి నా తెలివి. మిగతా ఐదు కేసులని ఉన్నట్టే ఉంచి, మూడో కేసుకి మాత్రం పనే మార్చేశాను. రఫ్ పని అంటే వీధిలో ఒక్కరే కాబట్టి వెంటనే దొరికిపోతుంది. అందుకని మా వీధిలో లేని పని కోసం వెతికి, గొడుగులు బాగుచేసే మనిషి అని రాశాను. ఆడో మగో తెలియకుండా వాక్యాలు తిప్పాను. సూది బదులు గొడుగు ఊచ, పోగు బదులు గుడ్డ. అత్తయ్య చెప్పిన ఆఖరి మాట మాత్రం ‘సూదమ్మ’ అన్న చోట ‘ఫలానా మనిషి’ అని మార్చి, మిగతాది అక్షరం పోకుండా ఉంచాను. ఆ మాట ఉంటే చాలనుకున్నాను. ఇంట్లో మనిషేగా, ఆవిడకి ముందుగా చెప్పేదేముందిలే అనుకున్నాను. నా భుజం నేనే తట్టుకున్నాను కూడా.

చదివి వినిపించే రోజు వచ్చింది. వడ్రంగి షెడ్డులో రంపపు పొట్టు ఊడ్చి బల్లలు వేశారు. వీధంతా వచ్చింది. దొరబాబు కోటు గుండీలన్నీ పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. అత్తయ్య వెనక బల్ల మీద, గోడవారగా. ఆ రోజు కట్టుకున్న మంచి బట్టలే మళ్లీ కట్టుకుంది.

మొదటి కేసు వడ్రంగిది. నేను చదువుతుంటే జనం ఆయన్ని మోచేత్తో పొడిచి నవ్వారు. రెండోది చెప్పుల అక్కాచెల్లెళ్లది. అక్క ఒకటి దిద్దింది, చెల్లెలు అక్కనే దిద్దింది. అంతా మహా సరదాగా సాగుతోంది. “మూడో కేసు,” అన్నాను. “గొడుగులు బాగుచేసే మనిషి.”

అందరూ ఒక్కసారిగా తలుపు వైపు తిరిగారు.

తలుపు దగ్గర ఒక ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒళ్లో గొడుగుల మూట. వానలు మొదలయ్యాక వచ్చి, వీధి చివర మేడ మెట్ల కింద చోటు చూసుకున్నాడట. నాకెలా తెలుస్తుంది? ఆ రోజులన్నీ నేను తలుపేసుకుని ‘దగ్గరనుంచి గమనించడం’ అనే అధ్యాయం రాస్తున్నాను.

ఆపలేకపోయాను. ఆపి ఏం చెప్పాలి? చదువుకుంటూ పోయాను. “ఎప్పుడైనా ఒక్కరు, నలుగురిలో, ఇది ఫలానా మనిషి చేసింది అని పైకి అంటే వినాలని ఉంది. ఒక్కసారి చాలు.”

చెప్పుల అక్క కళ్లు తుడుచుకుంది.

“అదేంటి తాతా, ఇంత మాట మనసులో పెట్టుకున్నావా!” అన్నాడు పెయింటర్.

“నేనెప్పుడన్నాను?” అని తాత నోరు వెళ్లబెట్టాడు. చుట్టూ ఉన్న మొహాలు చూసి కాస్త ఆలోచించి, “అన్నా అనకపోయినా, మాట బాగానే ఉంది,” అన్నాడు.

ఇక ఎవరూ ఆగలేదు. చెక్క నేనిస్తానని వడ్రంగి, రంగు నాదని పెయింటర్, దీపం పెట్టిస్తానని ఫ్యాన్ల మెకానిక్. మేడ మెట్ల కింద తాతకి బోర్డు పెట్టాలని అక్కడికక్కడే తేల్చేశారు. దొరబాబు లేచి, “నా గొడుగు మొన్న ఈయనే చేశాడు, బ్రహ్మాండంగా చేశాడు,” అని నలుగురిలో పైకి అన్నాడు కూడా. నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ అందరితోపాటు చప్పట్లు కొడుతోంది. “పెట్టించండి పాపం, పెద్దాయన,” అంటోంది పక్కావిడతో.

ఇంటికొచ్చాక ఆవిడ మంచి బట్టలు మడతపెట్టి లోపల పెట్టేసి, కిటికీ పక్కన కూర్చుంది. సూదిలోకి దారం ఎక్కించింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. తలెత్తకుండానే ఆవిడ అడిగింది.

“రాస్తానన్నారు కదండీ?”

తిట్టినా బాగుండేది. ‘ఏమే అమ్మాయ్, ఇదేం పని’ అంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని, కాసేపు మొహాలు ముడుచుకుని తర్వాత కలిసి టీ తాగేవాళ్లం. మాకు అలవాటే. ఆ ‘అండీ’తో మాత్రం ఎలా పోట్లాడను? ఏడుపొచ్చింది. వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

మర్నాడు మధ్యాహ్నం మేడమ్ గదికి వెళ్లేసరికి, గడువు దగ్గరపడిందని పొద్దున ఇచ్చొచ్చిన నా అధ్యాయం ఆవిడ ముందే ఉంది. మూడో కేసు పక్కన ఎర్ర సిరాతో పెద్ద ప్రశ్నార్థకం.

“గొడుగు బాగుచేయించుకున్న సంగతి ఎవరైనా దాచుకుంటారా?” కళ్లజోడు అప్పటికే బల్ల మీద ఉంది. “వాన పడితే అతుకుల గొడుగేసుకుని అందరం బస్సెక్కుతాం. సిగ్గేముంది? ఈ మనిషికి ఆ బాధ ఎందుకొచ్చిందో నాకర్థం కావట్లేదు.”

జరిగిందంతా చెప్పాను. చెబుతుంటే ఆవిడ మొహం మారుతూ వచ్చింది. ఎగిరిపడతారనుకున్నాను. నెమ్మదిగానే మాట్లాడారు, దానికే ఎక్కువ భయం వేసింది.

“కోటు చిరుగు దాచుకుంటారు. గొడుగు చిరుగు దాచుకోరు. ఆవిడ మాట ఆవిడ పనిలోంచే పుట్టింది. పని పీకేసి మాట ఇంకోచోట నాటావు. అక్కడెలా బతుకుతుంది? ఏ ఊరి మనిషైనా, ఏ పనైనా ఒకటే అనుకుంటే, ఆ దీవి జాలర్లతోనే సరిపెట్టుకునేదానివి. నిన్ను మీ వీధికి తరిమింది దేనికి?”

“ఆనవాళ్లు మార్చమన్నది మీరే కదా మేడమ్!” నాకూ తిక్క రేగింది.

“నేనే. మరి దాచమని ఆవిడ అందా?”

మేడమ్ కళ్లజోడు తీసుకుని కొంగుతో తుడిచారు, కానీ పెట్టుకోలేదు.

“ఆ సంగతి నేనూ నిన్ను అడగలేదు,” అన్నారు. “నువ్వు ఆవిడని అడుగుతావనుకున్నాను. ఇద్దరం ఇద్దరమే. దాచాలో వద్దో చెప్పాల్సింది ఆవిడ. వెళ్లి అడుగు. ఏం చెబితే అది రాయి. కానీ మొత్తం తిరగరాయాలి, మళ్లీ వీధికి చదివి వినిపించాలి. ఈ విడతలో ఇవ్వలేవు, వచ్చే విడతకి పోతుంది. నీతోపాటు చదివినవాళ్లంతా పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోతారు.”

“పోనివ్వండి మేడమ్,” అన్నాను. అన్నాక గానీ నాకు తెలియలేదు, నిజంగానే అన్నానని.

ఆ సాయంత్రం రికార్డర్ తీసుకుని ముందుగదిలోకి వెళ్లాను. ఈసారి కుర్చీ నేనే వేసుకున్నాను. మంచి బట్టలు కూడా నేనే కట్టుకున్నాను. అత్తయ్య నన్ను కింద నుంచి పైదాకా చూసి, చేతిలో పని పక్కన పెట్టింది.

“నేను తప్పు రాశానండీ,” అన్నాను. “మీ మాట తీసుకెళ్లి ఇంకొకరి నోట్లో పెట్టాను. మిమ్మల్ని అడగకుండా చేశాను. ఇప్పుడు అడుగుతున్నాను. ఇది చెప్పింది సూదమ్మ అనే రాయమంటారా?”

ఎగిరి గంతేసి సరే అంటుందనుకున్నాను. అత్తయ్య పక్కన పెట్టిన బట్టని మళ్లీ చేతిలోకి తీసుకుంది.

“రాస్తే, బట్టలిచ్చేవాళ్లు బెదిరిపోతారేమోనండీ,” అంది. “ఈవిడ నోరు విప్పుతోంది, రేపు మన చిరుగులూ చెబుతుంది అనుకుంటే? ఈ గుమ్మం తొక్కరు. నేను నా సూది పెట్టె మూసుకుని కూర్చోవాలి.”

ఆ సంగతి నాకు తట్టనే లేదు. “అయితే వద్దంటారా?” అన్నాను.

దిండుకి గుచ్చిన సూదులన్నీ ఒక్కొక్కటే తీసి మళ్లీ గుచ్చింది. కిటికీ బయట ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ వెళ్లారు.

“రాయండి,” అంది. “నేను చెప్పేది నా సంగతే. వాళ్ల చిరుగులు వాళ్లవి. అవి నా నోటి నుంచి రావు. అది కూడా రాయండి.”

తిరగరాయడానికి కొన్ని నెలలు పట్టింది. ఈసారి తలుపేసుకోలేదు. కిటికీ పక్కన అత్తయ్య కుడుతుంటే ఎదురుగా కూర్చుని రాశాను. ఏదైనా తేడా రాస్తే అప్పటికప్పుడే, “అలా కాదమ్మాయ్, పోగు అటునుంచి రాదు,” అనేది. ఆ మాట మంచు దీవి జాలర్లు నాకెప్పటికీ చెప్పలేకపోయేవారు. ఈలోగా గొడుగుల తాతకి బోర్డు వచ్చింది, దీపంతో సహా. నేను వెళ్లి అసలు సంగతి చెప్పుకున్నాను. ఆయన కంగారుపడి, “అయితే బోర్డు తీసేయాలా తల్లీ?” అన్నాడు. విషయం అత్తయ్యకి చెబితే, “ఎందుకూ, ఆయన పనీ బాగుంటుంది,” అని తన గొడుగు బాగుచేయమని నాతోనే పంపింది.

రెండోసారి వడ్రంగి షెడ్డు. ఈసారి మేడమ్ కూడా వచ్చారు, చెప్పులేసుకుని నడిచే వచ్చారు. అత్తయ్య వెనక బల్ల మీదే కూర్చుంది. ఆవిడ చేతులు ఒళ్లో ఊరికే ఉండలేక కొంగు అంచు తడుముతున్నాయి.

“మూడో కేసు,” అని చదివాను. “రఫ్ పని. చెప్పింది, సూదమ్మ.”

ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఎవరినీ మోచేత్తో పొడవలేదు. పోగు లాగడం చదివాను, నేత నేయడం చదివాను. బాగుచేయించుకున్నవాళ్లు ఎవరికీ చెప్పుకోరన్న చోటికి వచ్చేసరికి, షెడ్డులో తలలన్నీ ఒక్కొక్కటే దిగిపోయాయి. ఒకరు తమ చెప్పులు చూసుకుంటున్నారు, ఒకరు పైకప్పు రేకులు లెక్కపెడుతున్నారు. అత్తయ్య భయపడ్డదే జరుగుతోంది. అయినా ఆఖరి మాట దాకా చదివాను. చదివి కాగితం దించాను.

అత్తయ్యే లేచి నిలబడింది.

“భయపడకండి. నేను ఎవరి సంగతీ చెప్పలేదు. చెప్పను కూడా.”

ఆవిడ మళ్లీ కూర్చోబోతుండగా ముందు వరసలో బల్ల కిర్రుమంది. దొరబాబు లేచాడు. గొంతు సవరించుకున్నాడు. ఒంటి మీద చిరుగు పడ్డ బట్ట వేసి ఎరగనని ఐదో కేసులో నాతో చెప్పిన మనిషి. ఆయన ముందు పైగుండీ తీశాడు, తర్వాత కింది గుండీ. వీధిలో ఎవరూ చూడని పని అది. కోటు విప్పి, తలకంటే ఎత్తుకి పట్టుకున్నాడు.

“పోయినేడు మేకుకి తగులుకుని కోటు చెయ్యి పొడుగునా చిరిగింది,” అన్నాడు. “ఇది సూదమ్మ చేసింది.”

“ఏదీ, ఎక్కడ?” పెయింటర్ లేచి వచ్చాడు. కోటు చెయ్యి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. “ఏం లేదే!”

“ఉందయ్యా, ఇక్కడే ఎక్కడో.” దొరబాబు తనే వెతకడం మొదలుపెట్టాడు. గడియారాలు చూసే భూతద్దం జేబులోంచి తీసి కంటికి పెట్టుకున్నాడు. దొరకలేదు. ఆ పెద్దమనిషి తన చిరుగు చూపించాలని అంత తాపత్రయపడటం చూసి షెడ్డంతా గొల్లుమంది. ఆయనా నవ్వేశాడు. “సూదమ్మా, నువ్వే వచ్చి చూపించాలి. నా వల్ల కాదు.”

అత్తయ్య బల్లల మధ్య నుంచి నడిచి వచ్చింది. కోటు చేతి మీద వేలు పెట్టి, “ఇక్కడి నుంచి, ఇక్కడిదాకా,” అంది.

“మా పాప పెళ్లి బట్టలు కూడా,” అంది చెప్పుల అక్క వెనకనుంచి. “ముందురోజు ఇస్త్రీ పెట్టె పడి కాలింది. సూదమ్మే చేసింది.”

“నా యూనిఫాం మోచేతులు,” అన్నాడు ఎప్పుడొచ్చాడో తెలియని మా ఆయన, గుమ్మంలోంచి. బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. అందరూ అటు చూసేసరికి సిగ్గుపడి తల గోక్కున్నాడు.

ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు తర్వాతో నాకు తెలియలేదు. చొక్కాల కాలర్లు పైకెత్తేవాళ్లు, మోకాళ్లు చూపించేవాళ్లు, ఇంటికి పరిగెత్తి దుప్పటి తెచ్చినవాళ్లు. ప్రతివాళ్లదీ ఒకటే గోల, ఇది సూదమ్మ చేసింది, ఇదీ సూదమ్మే. చుట్టూ చేరినవాళ్లది ఒకటే ప్రశ్న, ఎక్కడ, ఎక్కడ. గొడుగుల తాత దగ్గర చూపించడానికి ఏమీ లేక, ఇంటికెళ్లి ఏదో ఒకటి చింపుకొస్తానన్నాడు.

మేడమ్ నా చెవి దగ్గరికి వంగారు. “బాగుచేయించుకున్నవాళ్లు పైకి చెప్పరని రాశావు. అది నీ నాలుగో అధ్యాయానికి ప్రాణం.”

“ఇప్పుడేం చేయమంటారు మేడమ్?” అన్నాను. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి.

“కొట్టేయకు. నిన్నటిదాకా అదీ నిజమే. కింద ఇంకో పేరా రాయి.” కళ్లజోడు పెట్టుకుని జనం వైపు చూస్తూ ఉండిపోయారు.

జనం మధ్యలోంచి అత్తయ్య నాకోసం వెతుకుతోంది. ఆవిడ భుజం మీద ఎవరిదో దుప్పటి, చేతిలో దొరబాబు కోటు. కళ్లు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. నన్ను చూడగానే, ఆ గోలలోనే గొంతు పెంచి, కిటికీ పక్కన మాట్లాడినట్టే అడిగింది.

“రాసుకున్నారా అండీ?”

“రాస్తున్నానండీ,” అన్నాను, కాగితం వెనక్కి తిప్పి.